లండన్ పద్దు, మద్రాసు పట్టాలు

మద్రాసు రైళ్ల చరిత్ర చెప్పేవాళ్లు 1944 ఏప్రిల్ 1 దగ్గర ఒక అడ్డగీత గీస్తారు. దానికి ముందంతా లండన్ కంపెనీ పాలన, ఆ తర్వాతంతా ప్రభుత్వ రైల్వే అంటారు. పరీక్షలో రాయడానికి ఈ లెక్క సరిపోతుంది గానీ ఒప్పందాలు ముందు పెట్టుకుని చూస్తే నిలవదు. జనం నోట ఎం.ఎస్.ఎం.గా పలికిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1908 జనవరి 1న ఏర్పడింది. ఆ నాటికే అది నడిపిన పట్టాల్లో, వంతెనల్లో, స్టేషన్లలో అధికభాగం ప్రభుత్వ ఆస్తి. అయినా మరో 36 ఏళ్లు వాటిని లండన్‌లోని డైరెక్టర్లే నడిపించారు. 1852 దాకా వెనక్కి వెళితే, రైలు కంపెనీకి నష్టం వస్తే పూడ్చే భారం మొట్టమొదటి ఒప్పందంలోనే ఈ దేశంలో పన్నులు కట్టేవాళ్ల నెత్తిన పడింది. ఈ క్రమం గమనించదగ్గది. ముందు నష్టం జాతీయమయింది, యాభై అయిదేళ్లకు ఆస్తి, మరో ముప్పై ఆరేళ్లకు నిర్వహణ. ఆ నిర్వాహకుణ్ణి నిలదీసి అడిగే హక్కు విడిగా, ముక్కలుముక్కలుగా వచ్చింది. విదేశీ కంపెనీ మంచిదా, సర్కారు మంచిదా అన్న పాత తగాదా తేలకపోవడానికి కారణం ఈ నాలుగింటినీ ఒకే తేదీకి కట్టెయ్యడమే.

మద్రాస్ రైల్వే కంపెనీ ఆలోచన లండన్‌లో 1845లోనే మొదలయింది. ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం కుదిరింది 1852 చివర్లో. 1853లో పని మొదలై, 1856 జూలై 1న రాయపురం నుంచి ఆర్కాటు వైపు, ఇవాళ వాలాజా రోడ్డు అంటున్న స్టేషన్ దాకా, దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. రాయి మోయడానికి రెడ్‌హిల్స్ నుంచి చింతాద్రిపేట వైపు 1837లోనే ఒక చిన్న పట్టా వేశారు. దాని వెనక ఉన్నది ఆర్థర్ కాటన్. తర్వాతి రోజుల్లో రైళ్ల కంటే కాలువలే ఈ దేశానికి మేలని పార్లమెంటు కమిటీ ముందు గట్టిగా వాదించిందీ ఆయనే. ఇక 1852 ఒప్పందం సంగతి. భూమిని ప్రభుత్వం 99 ఏళ్ల కౌలుకు ఉచితంగా ఇస్తుంది. పెట్టుబడి మీద దాదాపు 5 శాతం వడ్డీకి హామీ ఉంటుంది. రైలు అంత సంపాదించకపోతే మిగతాది ఖజానా కట్టాలి, అంతకు మించి సంపాదిస్తే మిగులులో కంపెనీకి వాటా. ఇలాంటి ఏర్పాటులో ఖర్చు తగ్గించాలన్న తొందర ఎవరికి ఉంటుంది? భారత ప్రభుత్వ ఆర్థిక సభ్యుడిగా పనిచేసి వెళ్లిన విలియం మాసీ 1872లో పార్లమెంటు కమిటీ ముందు ఇదే చెప్పాడు. మైలుకు 8,000 పౌండ్లు చాలనుకున్న తొలి లైన్లకు దేశం మొత్తం మీద సగటున 18,000 పౌండ్ల దాకా అయింది. వైస్రాయ్‌గా దిగిపోతున్న జాన్ లారెన్స్ కూడా 1869లో, లాభమంతా కంపెనీలకు, నష్టమంతా ప్రభుత్వానికి పోతోందన్న అర్థంలో రాశాడు. అప్పటికి దాదాభాయి నౌరోజీ సంపద తరలింపు వాదం ఇంకా పూర్తి రూపం దాల్చలేదు. ఈ విమర్శను జాతీయవాదుల ఆవేశంగా తీసిపారేసేవాళ్లకు లారెన్స్ మాటే జవాబు.

వడ్డీ పౌండ్లలో కట్టాలి, రైలుకు ఆదాయం వచ్చేది రూపాయల్లో. 1870ల మొదట్లో రూపాయి విలువ రెండు షిల్లింగుల దగ్గర ఉండేది. వెండి ధర పడిపోవడంతో 1890ల మధ్యకు అది షిల్లింగు పైన ఒకటి రెండు పెన్నీలకు దిగింది. మద్రాసులో టికెట్టు ధర మారకపోయినా, రైలు నిండుగా నడిచినా, లండన్‌కు పంపాల్సిన రూపాయలు మాత్రం ఏటేటా పెరిగాయి. ఆ తేడాను వాటాదారుడు భరించలేదు. మారకపు రేటు అనే ప్రమాదం కూడా మొదటి నుంచీ ఇక్కడివాళ్లదే.

ఈ విమర్శకు ఒక బలమైన ఆక్షేపణ ఉంది. హామీ లేకపోతే ఆ కాలంలో పెట్టుబడి వచ్చేదే కాదు, ఊరూపేరూ తెలియని దేశంలో పట్టాలు వేయడానికి డబ్బు పెట్టమంటే లండన్ మదుపరి నవ్వి ఊరుకునేవాడు అంటారు. ఇందులో నిజముంది. మద్రాసు వర్తకుల డబ్బు కూడా రైళ్ల వైపు తిరగలేదు, వాళ్లకు వడ్డీ వ్యాపారంలో అంతకంటే ఎక్కువే గిట్టేది. కానీ ఈ ఆక్షేపణ హామీ అవసరాన్ని రుజువు చేస్తుందే తప్ప కంపెనీ అవసరాన్ని కాదు. మదుపరి నమ్మింది కంపెనీ సామర్థ్యాన్ని కాదు, ప్రభుత్వం సంతకాన్ని. ఆ సంతకం మీదే ప్రభుత్వం నేరుగా అప్పు తెచ్చి ఉంటే వడ్డీ తక్కువయ్యేది, ఖర్చు మీద అదుపూ ఉండేది. లారెన్స్ వాదించింది అదే, 1869 తర్వాత పదేళ్లపాటు ప్రభుత్వం చేసిందీ అదే. ఇందుకు రాయలసీమలోనే ఇంకో సాక్ష్యం ఉంది. కర్నూలు–కడప కాలువను తవ్విన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ కూడా లండన్‌దే, దానికీ పది లక్షల పౌండ్ల మీద 5 శాతం హామీ ఉండేది. డబ్బు చాలక మళ్లీ సర్కారు అప్పే తెచ్చుకుని, నీళ్లకు గిరాకీ లేక, చివరికి 1882లో మొత్తం కాలువను ప్రభుత్వానికి అమ్మి బయటపడింది. పట్టాలయినా కాలువయినా మూలం ఒకటే: లెక్క తప్పినవాడి జేబులో నుంచి ఏమీ పోదు.

మద్రాస్ రైల్వే వాయవ్య శాఖ అరక్కోణం నుంచి రేణిగుంట, కడప, గుత్తి, ఆదోని మీదుగా 1871కి రాయచూరు చేరి బొంబాయి నుంచి వచ్చే పట్టాలను కలుసుకుంది. అయిదేళ్లకే 1876–78 కరవు విరుచుకుపడింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అందులో అత్యంత ఘోరంగా దెబ్బతిన్నాయి. ఇక్కడ రెండు వాదనలు ఎప్పటి నుంచో ఢీకొంటున్నాయి. రైలు ధాన్యాన్ని లాక్కుపోయి కరవును పెంచిందని ఒకటి, రైలు లేకపోతే ఇంకా ఎక్కువమంది చచ్చేవాళ్లని రెండోది. రెండింటికీ ఆధారాలున్నాయి. ఓడల్లో వచ్చిన ధాన్యం మద్రాసు సముద్రతీరాన బస్తాల కొండలుగా పేరుకుపోయిన 1877 నాటి ఫోటోలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒంటిపట్టా లైను దాన్ని లోపలి జిల్లాలకు అంత వేగంగా మోయలేకపోయింది. మోసినచోట కూడా కరవు పనుల్లో భారత ప్రభుత్వ ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ కోసేసిన కూలితో అది కొనుక్కునే శక్తి జనానికి లేదు. మరోవైపు ఆర్థికవేత్త డేవ్ డొనాల్డ్‌సన్ వలసపాలన నాటి జిల్లాల గణాంకాలను జల్లెడ పట్టి, రైలు చేరిన జిల్లాలో వ్యవసాయ నిజాదాయం సుమారు 16 శాతం పెరిగిందని లెక్క తేల్చాడు. దీన్ని కాదనడానికి నాకు కారణం కనపడదు. అయితే ఆ మేలు పట్టాలది. కంపెనీ ఖాతాలో దాన్ని జమ కట్టాలంటే ప్రభుత్వం తానే వేసిన పట్టాలు ఆ మేలు చేయలేకపోయాయని చూపాలి. జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. 1880 నాటి కరవు కమిషన్ రక్షణ లైన్లు వేయమన్నాక గుంతకల్లు నుంచి నంద్యాల, నల్లమల అడవులు, గుంటూరు మీదుగా బెజవాడ దాకా మీటర్ గేజ్ పడింది. లాభం రాదని తెలిసీ ప్రభుత్వ సొమ్ముతో వేసిన లైను అది, పేరు కూడా బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే. నడపమని అప్పగించింది మాత్రం 1882లో లండన్‌లో పుట్టిన సదరన్ మరాఠా కంపెనీకి.

కోస్తాలో ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున నడిచింది. బెజవాడ నుంచి ఉత్తరాన విజయనగరం మీదుగా కటకం వైపు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేను 1890ల్లో ప్రభుత్వం వేసింది. 1899లో మద్రాసు–బెజవాడ మార్గం కలిసింది. రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన మీద 1900లో రైలు గోదావరి దాటింది. గోదావరి, కృష్ణా డెల్టాల ధాన్యానికి మద్రాసు, కలకత్తా రెండు మార్కెట్లనూ తెరిచిన లైను ఇది. కోస్తా తెలుగు జిల్లాల గతిని మార్చిన ఇంత పెద్ద నిర్మాణంలో విదేశీ వాటాదారుడి సాహసం ఎక్కడా లేదు. కట్టడం పూర్తయిన వెంటనే దీన్ని రెండుగా కోశారు. వాల్తేరుకు దక్షిణాన ఉన్నది 1901లో మద్రాస్ రైల్వే చేతికి, ఉత్తరాన ఉన్నది 1902లో బెంగాల్–నాగపూర్ రైల్వే చేతికి వెళ్లాయి. కష్టమైన నదుల మీద వంతెనలు కట్టే దశలో ప్రభుత్వం, రాబడి మొదలయ్యే దశలో కంపెనీ. ప్రైవేటు చొరవ గురించి చెప్పే పాఠాల్లో ఈ ఘట్టం కనపడదు.

1907 ఆఖరుకు మద్రాస్ రైల్వే ఒప్పందం ముగిసింది, ప్రభుత్వం కంపెనీని కొనేసింది. జాతీయీకరణకు అసలు తేదీ ఇదే కావాలి. కానీ మర్నాడే ఆ లైన్లను సదరన్ మరాఠాతో కలిపి కొత్త కంపెనీకి నడపమని ఇచ్చారు. జోలార్‌పేట నుంచి మంగళూరు వైపు పోయే నైరుతి భాగాన్ని తిరుచిరాపల్లి కేంద్రంగా ఉన్న సౌత్ ఇండియన్ రైల్వేకు పంచారు. కొత్త కంపెనీ పెట్టుబడి మొత్తంలో చిన్న భాగమే, దానికీ వడ్డీ హామీ ఉంది, మిగులులో వాటా ఉంది. బోర్డు లండన్‌లో, ఏజెంటు మద్రాసులో. 1922లో పార్క్ టౌన్‌లో, సెంట్రల్ స్టేషన్ పక్కన, లేచిన ఎం.ఎస్.ఎం. ప్రధాన కార్యాలయ భవనం ఈ అమరిక ఎంత నిబ్బరంగా సాగిందో చెబుతుంది. ఆస్తి చేతులు మారిన సంగతి మూడో తరగతి పెట్టెలో కూర్చున్నవాడికి తెలిసే అవకాశమే లేదు. ప్రయాణికుల రాబడిలో పెద్దపాలు ఆ పెట్టెల నుంచే వచ్చేది. అక్కడి ఇరుకు, మురికి, అవమానాల గురించి గాంధీ 1917లో విడిగా రాయాల్సి వచ్చింది. పై ఉద్యోగాలు యూరోపియన్లకు, వాళ్ల తర్వాతివి ఎక్కువగా ఆంగ్లో ఇండియన్లకు. ఇంజన్లు, సామగ్రి బ్రిటన్ నుంచి. ఆస్తి పత్రంలో పేరు మారినంత మాత్రాన ఇవేవీ మారలేదు.

మార్పు రైల్వే బయట మొదలయింది. 1920–21లో విలియం ఆక్‌వర్త్ అధ్యక్షతన కూర్చున్న రైల్వే కమిటీలో మద్రాసు నుంచి వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి సభ్యుడు. ప్రభుత్వమే నేరుగా నడపాలా, భారతదేశంలో నమోదైన కంపెనీలకు ఇవ్వాలా అన్నచోట సభ్యులు చీలిపోయారు. లండన్ నుంచి నడిపే పద్ధతి మాత్రం ఇక చాలన్నారు. 1924లో రైల్వే పద్దును సాధారణ బడ్జెట్టు నుంచి విడదీశారు. దాంతో కేంద్ర శాసనసభలో ఏటా రైల్వేల మీద విడిగా చర్చ, కోత తీర్మానాలు, ప్రశ్నలు మొదలయ్యాయి. 1925లో ఈస్ట్ ఇండియన్, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలను ప్రభుత్వం నేరుగా తీసుకుంది. దక్షిణాది కంపెనీలు మరో రెండు దశాబ్దాలు మిగిలాయి గానీ వాటికి జవాబు చెప్పక తప్పని పరిస్థితి అప్పుడే వచ్చింది. రెండో ఒత్తిడి మద్రాసు పెరంబూరులోని రైలు కార్ఖానా నుంచి. ఉద్యోగాల కోతపై 1932లో ఎం.ఎస్.ఎం. కార్మికులు సమ్మె కట్టారు. అంతకు ముందు బెంగాల్–నాగపూర్ రైల్వేలో, తెలుగు కార్మికులు పెద్ద సంఖ్యలో ఉన్న ఖరగ్‌పూర్‌లో, 1927 సమ్మె జరిగింది. దాని నుంచి ఎదిగిన వి.వి. గిరి 1937లో మద్రాసు మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశాడు. నా లెక్కలో 1944 కంటే ఈ పదిహేడేళ్లకే బరువెక్కువ.

1944 స్వాధీనం ఎలా జరిగిందో కూడా చూడాలి. కొన్నది స్వతంత్ర ప్రభుత్వం కాదు. శాసనసభకు పూర్తిగా బాధ్యత వహించని వైస్రాయ్ ప్రభుత్వమే కొంది. యుద్ధానికి సరుకులు, సేవలు అందించినందుకు బ్రిటన్ బాకీపడ్డ డబ్బు లండన్‌లో స్టెర్లింగ్ నిల్వలుగా పేరుకుంటోంది. భారతదేశపు పాత స్టెర్లింగ్ అప్పులు తీర్చడానికి ఆ నిల్వలే పనికొచ్చాయి. కంపెనీలను సాగనంపడం సులువయిందీ అందువల్లే. 1948లో అర్జెంటీనాలో పెరాన్ ప్రభుత్వం బ్రిటిష్ రైళ్లను కొన్నదీ అదే రకం యుద్ధకాలపు నిల్వలతో. అక్కడ అది జాతీయ పండుగయింది, ఇక్కడ చాలామందికి గుర్తుకూడా లేని తేదీ. అయితే జాతీయీకరణ యుద్ధం తెచ్చిన యాదృచ్ఛిక ఫలితమేనా? డబ్బు చేతికొచ్చిన సమయం యాదృచ్ఛికమే. ఆ డబ్బును దేనికి వాడాలో మాత్రం ముందే తేలిపోయి ఉంది. ఆక్‌వర్త్ కమిటీ తర్వాత లండన్ బోర్డును సమర్థించే వాదన ఎవరి దగ్గరా మిగల్లేదు.

హైదరాబాదు రాజ్యంలో ఈ కథ వేరేగా నడిచింది, అందుకే పోల్చడానికి పనికొస్తుంది. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. 1883లో లండన్‌లో నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది, 1889కి లైను బెజవాడ చేరింది. వడ్డీ హామీ ఇచ్చింది నిజాం ఖజానా. చాందా రైల్వే పథకంగా పేరుపడ్డ ఈ బేరం మీద 1883లోనే హైదరాబాదులో బహిరంగంగా నిరసన లేచింది. అందులో ముందున్న అఘోరనాథ ఛటోపాధ్యాయను, సరోజినీ నాయుడు తండ్రిని, నగరం నుంచి బహిష్కరించారు. హామీ పద్ధతిలోని మోసాన్ని గ్రహించడానికి ఎవరూ ఇరవయ్యో శతాబ్దం దాకా ఆగలేదన్నమాట. గ్రహించినవాడి మాట చెల్లలేదు, అంతే. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కంపెనీని కొని తానే నడపసాగింది. రెండేళ్లకే, 1932లో, రైల్వే శాఖ కింద 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలయింది. తర్వాతి ఆర్టీసీకి మూలం అదే. వాటాదారుల డివిడెండు ఆలోచించే బోర్డు రైలుకు అనుబంధంగా పల్లెలకు బస్సులు వేయాలని కోరుకుంటుందా అన్నది సందేహమే. అలాగని నిజాం పాలన ప్రజలకు జవాబుదారీ అనలేం. పాలకుడు స్థానికుడయితే మిగులు ఊళ్లోనే ఖర్చయ్యే అవకాశం పెరుగుతుంది, ప్రశ్నించే హక్కు దానంతట అదే రాదు. అఘోరనాథుడి అనుభవం అదే చెబుతోంది.

ఇక సామర్థ్యం ప్రశ్న. కంపెనీల కాలంలో రైళ్లు వేళకు నడిచేవని, సర్కారు చేతికొచ్చాక సోమరితనం వచ్చిందని మన పెద్దల తరంలో బలమైన నమ్మకం. కంపెనీలు ఏమీ చేయలేదనడం అన్యాయమే. మద్రాసు బీచ్ నుంచి తాంబరానికి 1931లో కరెంటు రైలు నడిపింది సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీయే. కానీ డాన్ బోగార్ట్, లతిక చౌదరి 1874 నుంచి 1912 దాకా భారత రైల్వేల లెక్కలు పరిశీలించి, యాజమాన్యం ప్రభుత్వానికి మారినచోట నిర్వహణ ఖర్చులు గణనీయంగా తగ్గాయని చూపారు. వలస ప్రభుత్వానికి ప్రజల మీద ప్రేమ పుట్టి జరిగింది కాదిది. మిగులు తన ఖజానాకే వస్తుంది కాబట్టి పొదుపు చేసింది. అలాంటి పొదుపు ప్రయాణికుడి సౌకర్యంలో నుంచో కూలివాడి జీతంలో నుంచో కూడా రావచ్చు, కాబట్టి ఈ ఫలితాన్ని జాతీయీకరణకు యోగ్యతాపత్రంగా ఊపడం తొందరపాటు. స్వతంత్ర ప్రభుత్వం చేతిలోకి వచ్చాక 1974 రైల్వే సమ్మెను అణచిన తీరు చూస్తే, యజమాని మనవాడయినంత మాత్రాన మెతకగా ఉంటాడన్న భ్రమ పోతుంది. ఇంకోవైపు, కంపెనీలు తొంభై ఏళ్లలో చేయనిది పెరంబూరులో 1955 అక్టోబరు 2న మొదలయింది. స్విస్ సంస్థ సాయంతో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ తెరిచారు. మొదటి వందే భారత్ రైలు 2018లో బయటికొచ్చింది అక్కడి నుంచే. లండన్‌లో టెండర్లు పిలిచే బోర్డుకు మద్రాసులో పెట్టెలు తయారు కావలసిన అవసరమే లేదు. వేళకు నడిచిన రైళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి.

కంపెనీలు పోయినా వాటి సరిహద్దులు పోలేదు. 1951 ఏప్రిల్ 14న ఎం.ఎస్.ఎం., సౌత్ ఇండియన్, మైసూరు రైల్వేలను కలిపి దక్షిణ రైల్వే చేశారు, ప్రధాన కార్యాలయం పార్క్ టౌన్‌లోని అదే కంపెనీ భవనం. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక కూడా బెజవాడ, గుంతకల్లు మద్రాసు కిందే ఉన్నాయి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చినప్పుడు విజయవాడ డివిజన్ దానికి వెళ్లింది, గుంతకల్లు 1977 దాకా ఆగింది. రక్షణ లైనుగా మొదలైన గుంటూరు–గుంతకల్లు మార్గం 1990ల దాకా మీటర్ గేజ్‌లోనే ఈడ్చుకొచ్చింది. పెద్ద కోత వాల్తేరు దగ్గరిది. 1901–02లో రెండు లండన్ కంపెనీలు పంచుకున్న ఆ గీత ప్రకారమే వాల్తేరు డివిజన్ బెంగాల్–నాగపూర్ నుంచి కలకత్తా కేంద్రంగా ఉన్న ఆగ్నేయ రైల్వేకు, 2003లో భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వేకు సంక్రమించింది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ను కేంద్రం ప్రకటించింది 2019 ఫిబ్రవరిలో. పట్టాలు ఎవరివన్న ప్రశ్న 1908లో తీరింది, ఎవరు నడపాలన్నది 1944లో తీరింది. విశాఖ రైలు గురించిన అర్జీ ఏ ఊళ్లో ఇవ్వాలన్న ప్రశ్న మాత్రం అప్పటికి నూట పదిహేడేళ్లుగా నలుగుతూనే ఉంది.